నా పేరు దాకా

మా అమ్మ ఎవర్ని పిలవాలన్నా
మాలకొండయ్య కాణ్ణించే మొదలు.
మాలకొండా, పెంచలా, వెంగమ్మా, మస్తానూ...
నేను ఐదోదాన్ని.
నా పేరు దాకా వచ్చేసరికి
పొయ్యి మీద పులుసు పొంగేది,
దూడ తాడు తెంపుకొని బర్రె కిందికి దూరేది.
ఎందుకు పిలిచిందో తనే మర్చిపోయి
"ఏం లేదు, పో మే" అనేది.

కాన్పుకొక మొక్కు మాకు.
మాలకొండ మెట్లెక్కొస్తే ఒకడు,
పెంచలకోనలో తడిబట్టలతో దణ్ణం పెడితే ఒకతె,
నర్రవాడ తిరణాళ్లకి బండి కట్టుకొని పోయొచ్చాక ఇంకొకతె,
కసుమూరు దర్గాలో చక్కెర చదివిస్తే మస్తాను.
నా వంతుకి
"దేవుళ్లందరూ అయిపోయారు గదే" అని నాయన
మంత్రసాని పేరే పెట్టాడు, రోశమ్మని.
తర్వాత తిరపాలు, అంకయ్య.
ఆఖరుదానికి చాలమ్మ.
ఆ పేరు విని పక్కింటావిడ నవ్విన నవ్వు
వింజమూరు బస్సు దాకా వినపడిందంట.

పొగాకు రోజుల్లో
చంటిది తప్ప అందరం బేరన్ కాడే.
ఆకుని ఆకుకి జతచేసి కర్రకి అల్లడం,
కర్రకింత అని కూలి.
చేతులకంటిన నల్ల జిగురు
బూడిదేసి తోమినా వదిలేది కాదు,
సంగటి ముద్ద చేదెక్కేది.
ఎవరి ముద్ద ఎక్కువ చేదని పందెం.
ఎప్పుడూ పెంచలమ్మే గెలిచేది,
దానంత జోరుగా ఎవరూ అల్లలేరు.

గుడ్లు ఉడికించిన రోజు
అమ్మ కుట్టుదారం తీసేది.
కత్తికైతే పచ్చసొన అంటుకొని పోతదని.
ఒక కొస పంటికింద, ఒక కొస వేలికి చుట్టి
సర్రున లాగేది.
రెండు గుడ్లు, ఎనిమిది ముక్కలు.
సొన ఎవరి ముక్కలో లావుగా ఉందో చూడ్డానికి
మా కళ్లకి తూకపురాళ్లు అక్కర్లేదు.
నాయన గుడ్డు తిననని చెప్పేవాడు.
మాకోసం చెప్పిన అబద్ధమేం కాదది,
నిజంగానే పడదు, వాసనకే వాంతి.
దారం మాత్రం నాది.
నాక్కునే హక్కు ఐదోదానికి ఎట్టా వచ్చిందో
అడిగినవాళ్లు లేరు, నేనూ చెప్పలేదు.

రాత్రిళ్లు వాకిట్లో ఈతచాపలు.
లాంతరెత్తి అమ్మ కాళ్లు లెక్కపెట్టేది.
తలకాయలు దుప్పట్లో ఉంటాయి,
కాళ్లయితే బయటే.
ఎవడన్నా ముడుచుకుంటే మళ్లీ మొదటికి.
పదహారైతే తడిక వేసుకొని పడుకునేది.

ఒకరోజు పద్దెనిమిదొచ్చినయ్.
మళ్లీ లెక్కపెట్టింది.
పద్దెనిమిదే.
"తక్కువైతే గదా భయం" అని
వత్తి తగ్గించి నిద్రపోయింది.

తెల్లారి చూస్తే తిరపాలుకీ అంకయ్యకీ నడాన
ఎదురింటి చెంచుగాడు.
వాళ్లమ్మని కావలి ఆసుపత్రికి తీసకపోయారు,
వీణ్ణి తీసకపోవడం మర్చిపోయారు.
అమ్మ ఏమీ అడగలేదు.
ఇంకో ముంత అంబలి పోసింది.

మూడు నెలలున్నాడు.
రెండు గుడ్లని తొమ్మిది ముక్కలు ఎట్టా చేసిందో
నాకు ఇప్పటికీ లెక్క తేలదు.
దారం నా చేతికిస్తా
ఒక కొస వాడికి పట్టించింది.
ఆ రోజు నేను అన్నం మాని
గడ్డివామి ఎనకాల కూచున్నా.
వెతకడానికి ఎవరూ రాలేదు.
ఒక్క కేక మాత్రం వినపడింది:
మాలకొండా, పెంచలా, వెంగమ్మా, మస్తానూ, చెంచుగా...
ముందు వాడు,
ఆ తర్వాతే నేను!

వాళ్లమ్మ తిరిగొచ్చి తీసకపోయినా
వాడి పేరు ఆ వరసలోంచి పోలేదు.
అమ్మ నోట్లో నాకూ మస్తానుకీ నడాన
వాడు అట్టనే కాళ్లు చాపుకొని పడుకున్నాడు.

ఇప్పుడు నాకు ఒక్కడే కొడుకు.
పిలిస్తే మొదటి పిలుపుకే
"ఏందమ్మా" అంటా వచ్చి నిలబడతాడు.
ఎందుకు పిలిచానో
మర్చిపోయేంత సందు కూడా ఇవ్వడు.