వార్తా నది ఒడ్డున రాత్రి డ్యూటీ

పోలండ్ పటంలో ఆ నది పేరు వార్తా.
వాళ్ల భాషలో ఏమర్థమో నాకు తెలీదు.
నేను మన అర్థంతోనే చదువుకుంటాను.

పంపుల గదిలో గాజు తొట్టి.
తొట్టిలో ఎనిమిది ఆల్చిప్పలు,
ఒక్కోదాని వీపున జిగురుతో అంటించిన తీగ.
ఊరు తాగబోయే నీళ్లు ముందు వాటి మీదుగా పారతాయి.
నోళ్లు తెరిచి ఉన్నంతసేపూ ఊరికి ఢోకా లేదు.
ఇరవై రెండేళ్లుగా యాద్విగా
ఆ నోళ్లు చూసే జీతం తీసుకుంటోంది.

స్వాతి చినుకు కోసం నోరు తెరుస్తుందని
మనం ముత్యాల కథ అల్లిన జీవి.
ఇక్కడ దాన్ని ముత్యం ఎవరూ అడగరు.
వేళకి నోరు మూస్తే చాలు.

నవంబరు. రాత్రి రెండున్నర.
తిమోన్ బల్ల మీద తల వాల్చాడు,
రేడియేటరు మీద అతని మేజోళ్లు ఆరుతున్నాయి.
తెర మీద మూడో గీత కిందికి పడింది.
ఒక్కటే కదా, విసుగొచ్చి ఉంటుంది.
తర్వాత ఏడోది. ఒకటోది.
ఆపైన అన్నీ,
గాలివాన ముందు వీధిలో తలుపులు పడ్డట్టు.

పంపులు ఆగిన నిశ్శబ్దానికి
తిమోన్ ఉలిక్కిపడి లేచాడు.

ఎగువన ఎవరో వాల్వు తిప్పారు.
జింకు పూత కార్ఖానానో,
బీట్‌దుంప చేలో కడిగిన మందు పీపానో.
సీసాలో పట్టి దీపానికి ఎత్తి చూస్తే
రంగు లేదు, వాసన లేదు,
అచ్చం నీళ్లు.
ఊరు పడుకునే ఉంది, తలగడ పక్కన నిన్నటి గ్లాసుతో.

తెల్లారాక రబ్బరు బూట్లతో ఆమె ఏట్లోకి దిగింది.
ఒక రాయి తిప్పింది. ఇంకో రాయి.
ఒక్కరోజు రెక్కల కోసం
రెండేళ్లు నీటిలో కాచుకునే ఈగ పిల్లలు
రాతిని వదిలేసి, వెల్లకిలా.
ఇసుక రేణువులు పేర్చి ఇల్లు కట్టుకునే పురుగు
ఇంట్లోనే ఉంది. ఇల్లుంది గానీ తలుపు లేదు దానికి.
బురదలో తీగల్లేని ఆల్చిప్పలు వేలు,
అన్నీ బిగుసుకునే ఉన్నాయి.
వాటి మాట విని ఏ పంపూ ఆగలేదు.
మూసుకోవడం అంటే ఊపిరి బిగబట్టడమే,
ఎంతసేపని?

మూణ్ణెల్ల కొలువు తీరిన ఎనిమిదింటినీ
బకెట్లో వేసుకుని ఎగువ చెరువుకి తీసుకెళ్లింది.
మళ్లీ ఎవరూ పనికి పిలవకుండా
ఒక్కోదానికీ చుక్క పెట్టింది, తన గోళ్ల రంగుతోనే.
లోతులేని చోట వదిలింది.
ఏడూ మెల్లిగా తెరిచాయి.
మూడోది తెరవలేదు.

టీ చల్లారిపోతోందని గట్టు మీంచి
తిమోన్ రెండుసార్లు పిలిచాడు.
ఆమె మోకాళ్ల లోతులో అలాగే వంగి నిలబడింది.