గంటకి ఆరు డాలర్లు తక్కువ

నాలుగూ నలభైకి ఫోను మూలిగేది.
"ఇవాళ షిఫ్టు ఉంది. వస్తే వై కొట్టు."
ఒక్క అక్షరం.
మూడేళ్లపాటు నేను లోకానికి రాసిన
ఉత్తరమంతా అదే.

చీకట్లో కళ్లజోడు దొరక్కముందే
బొటనవేలికి తెలిసేది ఆ మీట ఎక్కడుందో.
అర నిమిషం ఆలస్యమైతే
నా వై కంటే ముందు ఇంకెవరిదో వై.
అలాంటి రోజు బియ్యం డబ్బా మూత
చప్పుడు కాకుండా తీసేదాన్ని.

బాలరాట్‌లో జులై చలి.
కారు అద్దం మీద మంచు గీకడానికి
గడువు తీరిన లైబ్రరీ కార్డు.
ఆసుపత్రి లాండ్రీలో మాత్రం ఏడాదంతా రోహిణీ కార్తే.
దుప్పట్లు, గౌన్లు, దిండు గలీబులు,
ఎవరి పురుడో, ఎవరి ఆఖరి చెమటో
ఒకే ఆవిరిలో ఉడికి
తెల్లగా, వేడిగా, ఎవరివీ కాకుండా
నా చేతుల్లోకి వచ్చేవి.
నా మెళ్లో కార్డు మీదా పేరుండేది కాదు.
ఏజెన్సీ నాలుగు.
నాకు ముందు ఇంకో ఏజెన్సీ నాలుగు ఉండేదట.
కార్డు వెనక ఆవిడ అంటించిన సీతాకోకచిలుక,
ఒక రెక్క చిరిగింది.
నేను పీకలేదు.

మొన్న సోమవారం డెస్పినా గాజుగదిలోకి పిలిచింది.
పిలుపుకి నాకు తెలిసిన అర్థం ఒకటే.
అద్దె, కారు ఇన్సూరెన్సు, పాప స్కూలు బూట్లు
తలలో వరసగా నిలబెట్టుకుని వెళ్లాను.
ఆమె కాగితం తిప్పి నా వైపు జరిపింది.
పర్మినెంటు.
వారానికి ముప్పై ఎనిమిది గంటలు.
గంటకి ఆరు డాలర్లు తక్కువ.

తక్కువా? అన్నాను.
"ఆ ఆరూ నీకు సెలవు లేనందుకు ఇచ్చేవాళ్లం.
ఇప్పుడు నీకు జ్వరం రావచ్చు," అంది.

నాకు జ్వరం రావచ్చు!
ఏడాదికి పది రోజులు
నేను దగ్గుకోవచ్చు, వాంతి చేసుకోవచ్చు,
పాపకి ఆటలమ్మ పోస్తే పక్కన పడుకుని
వేపాకుకి బదులు ఏం దొరుకుతుందో వెతకొచ్చు.
మాత్రల కింద ఇన్నాళ్లూ అణిచిపెట్టిన జ్వరాలన్నీ
తలుపు బయట క్యూ కట్టి
ఇక మమ్మల్ని రానిస్తావా అని అడుగుతున్నట్టుంది.
వంకాయల దగ్గర కొసరడం వచ్చుగానీ
ఈ బేరం ఎక్కడ మొదలెట్టాలో తెలీలేదు.
సంతకం పెట్టాను.
చెయ్యి దానంతటదే తెలుగులో పోయింది: వకుళ.
డెస్పినా కాగితం ఎత్తి చూసి
"ఇది నువ్వేనా?" అంది.
నేనే.

షుక్రియాకి ఎలా చెప్పాలి?
ఇద్దరం ఒకే వారంలో చేరాం, తను ఏజెన్సీ ఏడు.
పేరు పెట్టి పిలిచినప్పుడల్లా
తనకేదో బాకీ తీర్చినట్టుండేది నాకు.
పెద్ద దుప్పటి మడవాలంటే ఇద్దరు కావాలి.
తను రెండు కొసలు, నేను రెండు,
ఎదురెదురు నడిచొచ్చి కలిసే చోట
వేళ్లు తగులుతాయి.
అక్కడే చెప్పాను.
ముబారక్, అంది.
తర్వాతి దుప్పటి కాస్త గట్టిగా లాగింది,
లేకపోతే నాకే అలా అనిపించింది.

బీరువా ఇచ్చారు, ముప్పై ఏడో నంబరు.
మొదటిరోజు ఏమీ పెట్టలేదు.
రెండోరోజు ఒక చెంచా.
గురువారం కందిపొడి సీసా పెట్టి,
తాళం వేసి, మళ్లీ తీసి చూసి,
గట్టిగా తుమ్మాను.
ఎవరూ ఏమీ అనలేదు.
పాత కార్డు కౌంటర్లో ఇచ్చేశాను, సీతాకోకచిలుకతో సహా.

ఇవాళ నాలుగూ నలభైకి మెలకువ వచ్చింది.
ఫోను నల్లగా పడుకుంది.
బొటనవేలు మాత్రం
దుప్పటి అంచు మీద ఒకసారి నొక్కింది.
ఊరికి ఆ కొసన, సెబాస్టపోల్‌లో,
ఒక దిండు కింద ఈపాటికి వెలుగొచ్చి ఉంటుంది.

కొట్టు షుక్రియా,
తొందరగా.