పద్నాలుగో ప్రశ్న

ఇరవై రెండు ప్రశ్నలు, ఒక్కోదానికి ఐదు గడులు.
ఎప్పుడూ, తరచుగా, అప్పుడప్పుడు,
అరుదుగా, అసలు లేదు.
గైడు మేడం ముందే చెప్పింది:
ప్రశ్నలడుగు, కథలు వినకు.

తొమ్మిదింటికే ఓపీ బెంచీలు నిండిపోతాయి.
మెడ మీద చున్నీ మాటిమాటికీ సర్దుకునే పిల్ల,
గడ్డం కింద బ్లేడు గాటును పౌడరుతో కప్పుకున్న ఒకామె,
ఐసు డబ్బాలో ఇన్సులిన్ మోసుకొచ్చిన ముసలాయన.
నా లిస్టులో ముప్పై ఏడో నంబరు:
అండాలు, నలభై మూడేళ్లు, సిటీ బస్సు కండక్టరు.

పిట్యూటరీలో శనగ్గింజంత గడ్డ
పదేళ్లు ఎవరికీ చెప్పకుండా ఆమెను పెంచింది.
ముందు ఉంగరం బిగిసింది. సబ్బు నురగకీ రాలేదు,
కంసాలి కత్తిరించాడు.
తర్వాత చెప్పులు. ఆరు, ఏడు, తొమ్మిది.
కోఠీ దుకాణంలో కుర్రాడు అడక్కుండానే
మగవాళ్ల అరల వైపు తీసుకెళ్లాడు.

ముక్కులోంచి వెళ్లి గడ్డ తీసేశారు.
రెండేళ్లుగా రక్తంలో అంకెలు బుద్ధిగా ఉన్నాయి.
మా భాషలో దాన్ని అదుపు అంటాం.
పెరిగిన ఎముక వెనక్కి రాదు.
మా భాషలో అది ఫుట్‌నోట్.

"కీళ్ల నొప్పులు?"
"ఫస్టు ట్రిప్పుల ఉండయి.
ఆఖరు ట్రిప్పుల అవే ఉంటయి, నేనుండ."
ఏ గడి?
"అద్దంలో చూసుకోవడం ఇబ్బందిగా ఉంటుందా?"
"బస్సుల అద్దం డ్రైవర్‌ది బిడ్డా."
పద్నాలుగు చదివాను:
"మీ రూపం వల్ల నలుగురిలోకి వెళ్లడం మానేశారా?"
నవ్వింది. గొంతూ పెరిగింది కదా,
చివరి బెంచీ మనిషి కూడా తిరిగి చూశాడు.
"నా నౌకరే నలుగుట్ల. నలుగురు గాదు,
యాబై సీట్లల్ల తొంబై మంది. యాడికని మానాలె?"

మానలేదంటే జీవితం బాగున్నట్టు లెక్క. ఐదు మార్కులు.
నా చెయ్యి ఆ గడి దాకా వెళ్లి ఆగింది.

డిపోలో కొత్త సూపర్‌వైజరు ఐడీ కార్డు చూసి
మీ చెల్లెలిది తెచ్చారా అన్నాడట.
అది ఏ ప్రశ్న కిందికీ రాదు, మార్జిన్‌లో రాసుకున్నాను.
పద్నాలుగు ఖాళీగా వదిలేశాను.
తలెత్తేసరికి ఆమె లేదు. నా పెన్సిలూ లేదు.

"ముప్పై ఏడులో ఖాళీ ఎందుకుంది?
సగటు వేసి నింపెయ్," అంది మేడం.
నింపాను. మూడు పాయింట్ రెండు.

బుధవారం సాయంత్రం చాదర్‌ఘాట్‌లో వాన.
కిక్కిరిసిన బస్సులో మనిషి కంటే ముందు గొంతొచ్చింది:
"జరుగుండ్రి, లోపలికి జరుగుండ్రి."
టికెట్ మిషన్ మీద ఆమె వేలికి
ఒకేసారి రెండు మీటలు పడతాయి.
అందుకని పెన్సిల్ మొండి కొసతో నొక్కుతోంది.
ఆసుపత్రి పెన్సిల్. నా పంటిగాట్లతో సహా.

ఆధార్ కార్డు చాపాను.
పదేళ్ల కిందటి ఫోటో, రెండు జడలు.
లైటు కింద పెట్టి చూసింది, నన్ను చూసింది, మళ్లీ కార్డు.
"గిది నువ్వేనా?"
మొహంలో నవ్వు ఎక్కడా లేదు.
రాడ్డు పట్టుకుని
నేనే అనడానికి ఏదో వెతుక్కుంటుంటే
జీరో టికెట్ చింపి నా చేతిలో పెట్టి
వెనక సీట్ల వైపు సాగిపోయింది.