రూపాయి పేజీ

యూనివర్సిటీ గేటుకెదురుగా
జిరాక్సు అంగట్లో కూచోని
పదకొండేండ్లుగా థీసిస్‌లు కొడతా ఉండా.
చెనిక్కాయ తెగుళ్ళు, ఎర్రచందనం వేర్లు,
శాసనాల్లో ఊరిపేర్లు,
అన్నీ నా వేళ్ళ కిందనుంచే పోయినాయి.
అర్థమైంది తక్కువ.

కృతజ్ఞతల పేజీ మాత్రం నిదానంగా కొడతా.
గైడుకు ఒక పేరా, మెస్సు వంటాయనకు ఒక వరస.
ఒకాయన పెండ్లాం పేరు కొట్టించి, తీసేయించి,
తెల్లారి మళ్ళీ పెట్టించినాడు.

గంగజాతర వారంలో
తెలుగు డిపార్ట్‌మెంటు గజేంద్ర వచ్చినాడు.
ఎనిమిదో ఏడు. ఫెలోషిప్పు నిలిచిపోయి,
గైడు రిటైరై,
గడువింక రెండే దినాలు.
చేతిరాత చూసి కొడతా పోతాంటే
నాలుగో వరసలో
‘అప్పుపెట్టి అచ్చుకొట్టిన రెడ్డమ్మక్కకు’.

తెలుగులో డాక్టరేటు,
నా పేరులో ఎత్వం లేదు!

‘యెవురబ్బా ఈమె?’ అన్యా.
‘నువ్వే గదక్కా’ అన్నాడు,
చిల్లర ఎంచుకుంటా.

ఎంతమంది తప్పులో దిద్దిన చెయ్యి
ఆ ఒక్కదాని దగ్గర ఆగింది.
అట్లే వదిలేసినా.

ఐదు కాపీలు, నల్ల బైండింగు.
వాడు పోయినాక
ఆ పేజీ ఒకటి తీసుకోని
గల్లాపెట్టెలో రూపాయి ఏసినా.