యాక్షన్ అనకముందు

కృష్ణానగర్‌లో, విగ్గులు అద్దెకిచ్చే దుకాణం పైన
రెండో అంతస్తు. కిటికీకి నల్లగుడ్డ.
ఏసీ నీళ్లు కారేచోట ఒక నూనె డబ్బా.
షాహీన్ కుర్చీలో కాళ్లు మడుచుకు కూర్చుని
నా సీను కోస్తోంది.

పేజీన్నర రాశాను.
సుల్తాన్ బజార్ బోర్డుల పెయింటర్ పెంటోజి
ముప్ఫై ఏళ్ల కిందట తను రాసిన మిఠాయి దుకాణం పేరు మీద
ఫ్లెక్సీ కట్టేస్తుంటే చూస్తూ నిలబడతాడు.
నిలబడి అంటాడు:
"రెక్కలు విరిచిన పిట్టలా ఉన్ననే, యాదయ్యా."
ఆ మాట కోసం రెండు రాత్రులు, ఏడు చాయ్‌లు.
డబ్బింగ్‌లో గొంతు సరిగ్గా వణికింది కూడా.

షాహీన్ హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి జరిపి
"పిట్ట యాడుంది సాబ్?" అంది.
"అంటే, పోలిక..."
"నా దగ్గర పిట్ట లేదు.
మనిషున్నడు. గోడున్నది.
నిచ్చెన మీద ఫ్లెక్సీ పిలగాడున్నడు,
వానికి పద్దెనిమిదేండ్లు కూడ లేవు."

పదో తరగతిలో తెలుగు సారు
ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం
నాలుగూ వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టించేవాడు.
ఒక్కటి తప్పినా సున్నా.
షాహీన్ ఎనిమిదితో చదువు ఆపేసింది.
ఒక్క మీట నొక్కి నా కళ్లముందే మూడంగాలు తీసేసింది.
పిట్ట పోయింది. వణుకు పోయింది.
కింద పరిచిన వయొలిన్ పోయింది.
మిగిలిన పెంటోజి మొహం మరీ బోసిగా ఉంది.
నాకు సిగ్గేసింది.

తర్వాత ఆమె చెత్తబుట్ట తెరిచింది.
పనికిరాని టేకులు, ఫోకస్ తప్పినవి,
క్లాప్ పడకముందు కెమెరా ఊరికే తిరిగిన ముక్కలు.
ఒకచోట నటుడు ఎదురుచూస్తున్నాడు.
లైటు సర్దుతున్నారు. ప్లగ్గు కోసం ఎవరో అరుస్తున్నారు.
అతను తన గోళ్లు చూసుకుంటున్నాడు.
ఏడు సెకన్లు.
మేకప్ వాళ్లు మర్చిపోయారు, పెయింటర్ గోళ్లకు రంగు లేదు,
శుభ్రంగా ఉన్నాయి.

తప్పు కదా, అన్నాను. కంటిన్యుటీ.
"మొదటి రీల్ల గోళ్ల నిండ ఎర్రరంగు," అంది. "ఇప్పుడు లేదు."
పక్కపక్కన పెట్టింది.
ఫ్లెక్సీ తాడు ముడి. గోళ్లు.
మధ్యలో ఏ మాటా లేదు, ఏ 'వలె'నూ లేదు,
అతుకు మాత్రం.
అరుపులు తీసేసి ఎక్కడిదో ఫ్యాను చప్పుడు ఉంచింది.

"ఏడు సెకన్లు ఎక్కువ. జనం సెల్లు తీస్తారు. మూడు చాలు."
ఆమె మౌస్ మీంచి చెయ్యి తీసింది.
"మా అబ్బా లాడ్ బజార్‌ల లక్క గాజులు చేసేటోడు.
వేళ్లన్నీ కాలిన మచ్చలే.
బట్టీ మూసినంక, ఏడాదికి అవి మానినయి.
ఒకనాడు అన్నం తినంగ అమ్మీ ఆ చెయ్యి చూసింది.
చూసి, లేచి, వంటింట్లకు పోయింది."
"ఎంతసేపు చూసింది?"
స్క్రీన్ వైపు గడ్డం ఎత్తింది.
"గంతసేపు."

ఇంకేం అడగలేదు.
ఏడు సెకన్లూ ఉన్నాయి. నా పేజీన్నర లేదు.
టైటిల్స్‌లో మాటలు అని నా పేరే పడుతుంది.
ఆ సీను బాగుందని ఎవరైనా చెయ్యి కలిపితే
ఏమనాలో ఇంకా తెలీదు.

కిందికి దిగేసరికి ఐదున్నర.
విగ్గుల దుకాణం అరుగు మీద జూనియర్ ఆర్టిస్టులు.
పోలీసు చొక్కా కింద లుంగీ కట్టుకున్నతను పళ్లు తోముకుంటున్నాడు.
ఒకామె సంచిలోంచి పెళ్లి పట్టుచీర తీసి
మడత విప్పకుండానే వాసన చూస్తోంది.
వ్యాను రాలేదు.
వీధి, యాక్షన్ అనకముందటి షాట్‌లా ఉంది.

బండి స్టార్ట్ చేయకుండా
ఇదంతా కరెంటు బిల్లు వెనక రాసుకున్నాను.
కొట్టేసినవి పోగా
నాదంటూ ఒక్క 'లా' మిగిలింది, పైన.
రేపు షాహీన్‌కు చూపిస్తాను.