ఆ చెంబు ఎంతకిస్తావు

ప్రొఫెసర్ కాలేషా దగ్గర ఇరవై రెండు ఐటాలుండేవి.
ఇరవై రెండూ ఒకే ట్రంకుపెట్టెలో
సంతలో కలిసి బస్సెక్కిన మనుషుల్లాగా
ముఖపరిచయం లేకుండా పడుకునేవి.
చెవిలోంచి గుడ్డు, టోపీలోంచి పావురం,
నోట్లోంచి బ్లేళ్లదండ,
రెండు ముక్కలై మళ్లీ ఒకటయ్యే తాడు.
జనం చప్పట్లు కొట్టేవాళ్లు.
తెల్లారి టీ బంకు దగ్గర అడిగితే
"బానే ఉండింది లేబ్బయా, ఏందో చేసినాడు" అనేవాళ్లు.
ఆ 'ఏందో' అనే మాట
ఊరు దాటిందాకా మా సారును తొలిచేది.

పెట్టె మోసేవాణ్ణి నేను, మాలకొండయ్యని.
పావురానికి సజ్జలు, సారుకి సోడా,
ఐటానికీ ఐటానికీ నడుమ చెంబు
అన్నీ నా చేతిమీదే.

చెంబంటే పెద్ద ఐటం కాదు,
సందు పూడ్చేదానికి.
ఒంపేస్తాడు, బోర్లిస్తాడు, ఖాళీ అంటాడు.
ఇంకో ఐటం అయినాక వంచితే మళ్లీ నీళ్లు.
పిల్లకాయలు నవ్వుతారు. అంతే.

కనిగిరి అవతల ఒక ఊరు, పేరు చెప్పను.
మే నెల. బడి ఆవరణ.
ట్యాంకరొచ్చి నాలుగు రోజులు.
సారు మామూలుగానే చెంబు వంచాడు.
నీళ్లు స్టేజీ అంచుమీంచి దుమ్ములోకి.
ఒక్కడూ నవ్వలేదు.
"అయ్యయ్యో" అన్నది ఊరు, ఒక్క గొంతుతో,
చంటిబిడ్డ మంచం మీంచి జారినట్టు.

రెండోసారి వంచేసరికి
ముందు వరసలోంచి ఓబులమ్మ లేచింది.
మోకాళ్లు వంగవు ఆమెకు, ఆ ఊరి బోరు పుణ్యం.
కర్ర పక్కన పడేసి
ప్లాస్టిక్ బిందె తెచ్చి
ధార కింద పెట్టింది.
ఊఁ, కానీ, అన్నట్టు చూసింది.

ఆ రాత్రి పావురం ఎగిరిందో లేదో ఎవరికీ పట్టలేదు.
ఆట అయినాక ఆమె తెర వెనక్కొచ్చి
కొంగుముడి విప్పుతా అడిగింది:
"ఆ చెంబు ఎంతకిస్తావు సాయిబూ?"

ఇరవై ఏళ్లలో మా సారు
ఎట్లా చేశావన్నవాళ్లనే చూశాడు,
ఎంతకిస్తావన్నవాళ్లను చూళ్లేదు.
చెప్పేశాడు.
చెంబు ఆమె చేతికిచ్చి, లోపలి రెండో గోడ వేలితో తడిమించి,
"ఇంతేనమ్మా, దాచిపెట్టిన నీళ్లు. పుట్టినవి కావు."
ఆమె కోప్పడలేదు.
"దాచడమే గదయ్యా కష్టం" అని
ముడి మళ్లీ వేసుకుంది.

పామూరు లాడ్జీలో తెల్లవార్లూ పెట్టె బోర్లించి కూర్చున్నాడు.
బ్లేళ్లదండ పక్కన పెట్టేశాడు. గుడ్డును నన్ను తినమన్నాడు.
తాడు చేంతాడైంది,
తెగితే ఊరంతా ఊపిరి బిగబట్టేట్టు.
పట్టురుమాళ్లన్నీ కలిపి కుట్టిస్తే వాగైంది.
పేకముక్కలు ట్యాంకరు టోకెన్లు,
ఎవరు తీసినా చివరి నంబరే.
పావురం దగ్గర మాత్రం మూడు రోజులు ఆగిపోయాడు.
నాలుగో రోజు సోడా తాగుతా తాగుతా
"ఒరే, ఎండిన బావుల్లో కాపురముండేది అవేగదరా!"
టోపీ పోయింది. గుడ్డతో బావి కట్టాం.

ఇరవై రెండు తొమ్మిదైనాయి.
తొమ్మిదింటి నడుమా చెంబు,
ప్రతిసారీ జనం వైపు తిరిగి ఒకే మాట: "అయిపోయినాయా?"
చివర బిందె.

సారు పోయి ఆరేళ్లు.
మొన్న పొదిలి బస్టాండులో ఎవరో భుజం తట్టి
"నువ్వు చెంబు సాయిబు దగ్గరుండినోడివి కదూ?"
ప్రొఫెసర్ అనలేదు. కాలేషా అనలేదు.
చేంతాడు తెగినప్పుడు వాళ్లమ్మ నోరు మూసుకుందంట,
బావిలోంచి పావురం లేచిన వారానికే వానొచ్చిందంట.
ఐటాలన్నీ వరసగా చెప్పాడు,
ఒకటి కూడా పొల్లుపోకుండా,
తొమ్మిదీ అయినాక పదోది కూడా:
ఆఖర్న ఒక ముసలమ్మను పిలిచి
చెంబు ఆమెకే ఇచ్చేశాడంట,
ఆ ఇంట్లో ఇప్పటికీ నీళ్లు అయిపోలేదంట.

చెంబు నా సంచిలోనే ఉంది, సత్తుది, అడుగున చిన్న సొట్ట.
కనిగిరి బస్సు వచ్చింది.
నేను దిద్దలేదు.