పట్టీ అరగాల గదా

కర్నూలు పాత టౌన్లో రాత్రి తొమ్మిదయితే
ఖలందర్ వాచీల కొట్లో టీవీ వెలుగుతుంది.
నా పీకో మిషను ఆపి, ఒళ్లో దారప్పోగులు దులుపుకొని
ఎదురుగా ఆ కొట్టు మెట్టు మీదికి నేనూ చేరతా.

పెద్ద సీరియల్ పోయినేడే అయిపోయింది.
అందులో ప్రొఫెసరు వెనక పెట్టె మోసిన పిల్ల, మృణాళి,
ఆ పిల్లకిప్పుడు సొంతంగా ఒక సీరియల్,
బేనిషా కొమ్మ తెచ్చి
ఏ కాయ కాస్తదో తెలియని మొక్కకు అంటుగట్టినట్టు.

నిన్నటి భాగంలో మృణాళి
ముప్పై ఏండ్లు వెనక్కి పోయి
పావడా కట్టుకున్న తన చేతికే తన వాచీ కట్టింది.
ఆ పావడా పిల్ల పెద్దదై, యంత్రమెక్కి,
అదే వాచీ తెచ్చి మళ్లా ఆ చేతికే కడుతుంది.
నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినాయి.
ఖలందర్ కంటికున్న భూతద్దం తీయకుండానే అన్నాడు:
"ఇంతకూ దాన్ని కొన్నదెవరు?"

నేను పలకలే.

"కొన్నోళ్లు లేరు. బిల్లు లేదు. సరే, పోనీ.
పట్టీ అరగాల గదా?
చుట్టు చుట్టుకూ ముప్పై ఏండ్ల చెమట,
అద్దం మీద ముప్పై ఏండ్ల గీతలు.
పదోసారి కట్టేటప్పటికి తుక్కు గావాల.
అంగట్లో నుంచి ఇప్పుడే తెచ్చినట్టు మెరుస్తాంది సూడు.
కాలాన్ని మోసం చేయొచ్చేమో గానీ
తోలును చేయలేవు పాపా."

అంతకంటే పెద్ద కోపం ఇంకోటుంది ఆయనకు.
పాత సీరియల్లో మృణాళి
చిల్లర రెండుసార్లు లెక్కబెట్టుకోందే ఆటో దిగేది కాదు.
ప్రళయం ముంచుకొస్తున్నా
పెట్టె మూత మూసి, పైన గుడ్డ కప్పి, అప్పుడే పరుగు.
ఇప్పుడో, రెండు రోజులకొకసారి
పెట్టె యాడో మర్చిపోతుంది,
కథ నడవాల గాబట్టి.
"యంత్రం తప్పు నడిస్తే విప్పి చూస్తా.
మనిషినే మార్చేస్తే యాడ విప్పేది?
డయలు అదే పెట్టి, లోపల వేరే పండ్ల చక్రాలేసినారు."

అడగకూడదనుకుంటూనే అడిగినా:
"ఆ యంత్రం నీ చేతికొస్తే, నీళ్ల దినానికి పోతావా?"

ఈ వీధిలో నీళ్ల దినమంటే ఏదని ఎవరూ అడగరు.
తుంగభద్రా హంద్రీ ఒకటై
గోడల మీద గీసిపోయిన బురద గీత
ఎన్ని సున్నాలేసినా కింద నుంచి చెమరుస్తానే ఉంది.
ఆయన బల్ల సొరుగులో నలభై ఒక్క వాచీలు,
తీసుకుపోను రాని వాళ్లవి.
నీళ్లు ఒకటే, ఆగిన గంటలే ఒకటి కాదు.
మోటు వాచీలు కొంచెం ఎక్కువసేపు ఈదినాయంట.

స్క్రూడ్రైవరు కింద పెట్టి చాలాసేపు చూసినాడు,
టీవీని కాదు, షట్టరును.

"పోతే ఏం జేస్తా?
ఆ పొద్దు మోకాళ్ల లోతు నీళ్లల్ల నిలబడి
షట్టరు దించి, తాళమేసి,
మూడుసార్లు లాగి చూసినా.
నీళ్లకు తాళమేందమ్మా!
సొరుగన్నా పైకెత్తు, సొరుగన్నా పైకెత్తు, అని
పక్కన మా ఆయమ్మ అరుస్తాంది.
నేను తాళం లాగుతాండా."

నవ్వబోయినా. ఆయన నవ్వలేదు.

"మళ్లా పోయినా లాగుతా.
లాగకుండా సొరుగు ఎత్తినోడు
నా మొహం పెట్టుకున్న ఇంకొకడు."

ప్రకటనలు అయిపోయి మృణాళి వచ్చింది,
పెట్టె లేకుండా.
"మళ్లా మర్చింది సూడు," అన్నాడు,
సొంత చెల్లెలు బస్సులో సంచి వదిలేసి వచ్చినంత బాధగా.

పదయినాక షట్టరు దిగింది.
ఒకటి. రెండు.
నేనప్పటికే నా కొట్టు వైపు తిరిగినా,
మూడోది వినపడిందాకా అడుగు పడలేదు.

రేపన్నా ఆ పట్టీని దగ్గరగా చూపిస్తారేమో,
సూడాల.